ఇరవై ఐదో లారీకి ఇల్లు లేదు

ముప్పై మూడేళ్లు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి బతికాను. మొదట బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో, తర్వాత మంగంపేట గనుల దగ్గర లారీలను తూచే కాటా ఆఫీసులో, చివర కర్నూలులో. ఏ హోదాలో చేరాను, ఏ హోదాలో దిగాను అన్నది ఇక్కడ రాయను. ఆ వివరాలు రిటైరైన రోజు ఇచ్చిన జ్ఞాపికలో ఉన్నాయి. దాని వెనక ప్రస్తుతం ఒక బల్లి కాపురం ఉంటోంది.

మా కాలనీలో ఉండే లెక్చరర్ ఒకాయన, "ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం మీ అనుభవాలు రాయకూడదా?" అని రెండేళ్లుగా అడుగుతున్నాడు. తీరిక లేదని తప్పించుకుంటూ వచ్చాను. ఇప్పుడు నలభై ఒక్క రోజుల తీరిక దొరికింది. ఎలా దొరికిందో చివర్లో చెబుతాను. అది చెప్పాలంటే ముందు నేను చేసిన ఒక వెధవ పని గురించి చెప్పాలి.

సగంలో ఆగిన వాక్యం

నేను ప్రోగ్రామింగ్ నేర్చుకున్నది మనిషి దగ్గర కాదు, ఒక పాత పుస్తకంలోంచి. కర్నూలు పాత బస్టాండు దగ్గర గోనెపట్ట మీద పుస్తకాలు పరిచి అమ్మే ముసలాయన దగ్గర కొన్నాను. అట్ట లేదు. రాసినవాడి పేరు లేదు. నూట పన్నెండు పేజీలున్నాయి. ఆ తర్వాతవి లేవు.

"మిగతాది యాడుండాది తాతా?" అని అడిగాను.

"ముందు ఇది సదువప్పా. ఇది తలకెక్కితే మిగతాది అదే ఎక్కుతాది" అన్నాడు.

లావు పుస్తకం ఎవరూ కొనరని దాన్ని మధ్యకు చీల్చి రెండు పుస్తకాలుగా అమ్మేశాడని చాన్నాళ్లకు తెలిసింది. అంటే ఈ జిల్లాలోనే ఎక్కడో, మొదలు తెలియకుండా చివర మాత్రం చదువుకున్న ప్రోగ్రామర్ ఇంకొకడు ఉండి ఉండాలి. అతను ఎన్ని అగచాట్లు పడ్డాడో అని ఇప్పటికీ అప్పుడప్పుడూ అనుకుంటాను.

నా సగం మాత్రం బంగారం. ఆ కాలపు పుస్తకాలు రాసినవాళ్లకు తొందర లేదు. చదివేవాడి దగ్గర కంప్యూటర్ ఉంటుందన్న నమ్మకం కూడా వాళ్లకు లేదు. అందుకే ప్రతి ప్రోగ్రామునూ ముందు కాగితం మీద నడిపించమనేవాళ్లు. నేను ఏడాదిన్నర పాటు కంప్యూటర్ మొహం చూడకుండానే ప్రోగ్రాములు రాశాను. మా ఇంటి ముందు నాపబండలు పరిచిన వాకిలి ఉండేది. పుస్తకం ఏమందంటే, కంప్యూటర్ లోపల ఇళ్లుంటాయి, ఒక్కో ఇంటికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం పేరు, ఒక్కో ఇంట్లో ఒక్కో సంఖ్య కాపురం ఉంటుంది అని. నేను ఒక్కో బండ మీద సుద్దతో ఎ, బి, సి అని రాసి, లోపలుండే సంఖ్యకు గుర్తుగా గులకరాళ్లు పెట్టి, ఒక బండ మీదివి ఇంకో బండ మీదికి మారుస్తూ ప్రోగ్రాములు నడిపేవాణ్ని. మా అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, "ఇరవై రెండేండ్లు నిండినాయి. ఇంగా గచ్చకాయలు ఆడుకుంటాండావా?" అనేది.

నా పుస్తకంలో చివరి పేజీ చివరి వాక్యం ఇది: "ఒకే రకం వస్తువులు చాలా ఉన్నప్పుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టనక్కర్లేదు. దాని బదులు".

అంతే. పేజీ అయిపోయింది. దాని బదులు ఏమిటో ఆ ముసలాయన ఎవరికో అమ్మేశాడు.

సుంకన్న బండ

బేతంచెర్లలో పాలిష్ ఫ్యాక్టరీ ఓనరు నాగిరెడ్డి గారు. తాతల నాటి చేను వదిలి వ్యాపారంలోకి వచ్చిన మనిషి. ఆయన కంప్యూటర్ కొన్నది లారీల తగాదాల కోసం. మా రాళ్లు మోయడానికి ఇరవై నాలుగు లారీలు వచ్చేవి. వాటిలో సగం వాటిని తోలేవాళ్లవే. ఈ రోజు ఎవరికి మొదట లోడు ఎత్తాలి, తర్వాత ఎవరికి అన్న వరుసను సీరియల్ అనేవాళ్లు. ఆ సీరియల్ దగ్గర రోజూ గేటు ముందు చొక్కాలు చిరిగేవి.

అప్పటిదాకా సీరియల్ రాసేది గుమాస్తా సుంకన్న. గేటు పక్కన నిలబెట్టిన ఒక పెద్ద నాపబండ మీద సుద్దముక్కతో రాసేవాడు. నిన్న మొదట ఉన్న లారీ ఇవాళ చివరికి పోతుంది, మిగిలినవన్నీ ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి. చాలా తేలిక లెక్క. అయినా ఎవరి మొహమో చూసి రాశాడని అతని మీద పడేవాళ్లు.

"మనిషి రాస్తే మొగం జూసి రాసినాడంటారు. మిషనుకు మొగమే లేదు గదా" అన్నారు నాగిరెడ్డి గారు. ఆ మాట మీదే నాకు ఉద్యోగం వచ్చింది.

నేను ఏం చేశానో చెబితే ఇప్పటి పిల్లలు కడుపు పట్టుకుని నవ్వుతారు. నవ్వండి. నా పుస్తకం ప్రకారం ఇంటి పేరు ఒకే అక్షరం. ఎ నుంచి జెడ్ దాకా ఇరవై ఆరు ఇళ్లు. అందులో డి తేదీకి పోయింది. టి ఖాళీగా ఉండాలి, ఎందుకంటే మొదటి లారీని కాసేపు పక్కన కూర్చోబెట్టకపోతే మిగతావి జరగవు. మిగిలింది ఇరవై నాలుగు ఇళ్లు. లారీలూ ఇరవై నాలుగే! ఆ రోజు నేను పడ్డ ఆనందం నా పెళ్లిలో కూడా పడలేదు. రోజూ పొద్దున్నే ఇరవై నాలుగు నంబర్లు ఒక్కొక్కటే కొట్టేవాణ్ని. నంబర్లను ఫైలులో దాచుకునే విద్య ఆ రెండో సగంలో ఉండిపోయింది కదా. ముప్పావు గంట తర్వాత ప్రింటరు కీచుమంటూ, అవే నంబర్లను ఒక మెట్టు జరిపి అచ్చు వేసేది.

సుంకన్న కిటికీ దగ్గర నిలబడి చూసేవాడు. "ఏమప్పా మద్దిలేటీ, నీ మిషను ఇంతసేపు మూలిగి చేసేది నేను బీడీ ఆరేలోపల చేస్తా గదప్పా."

"నువ్వు రాస్తే కొట్లాడతారు సుంకన్నా. ఇది రాస్తే కొట్లాడరు."

"ఎందుకు కొట్లాడతారు? తిడితే దానికి ఇనపడదు."

నిజంగానే తగాదాలు ఆగిపోయాయి. అచ్చులో వచ్చిన చీటీని డ్రైవర్లు కళ్లకద్దుకునేవాళ్లు. నాగిరెడ్డి గారు ఒక నియమం పెట్టారు: అచ్చులో ఉన్న లారీకే లోడు, చేత్తో రాసింది చెల్లదు. నన్ను ఊళ్లో కంప్యూటర్ సారు అనడం మొదలుపెట్టారు. నా కళ్లు నెత్తికెక్కింది అప్పుడే.

ఇరవై ఐదో లారీ

అప్పుడు ఖాజా వచ్చాడు. పదిహేనేళ్లు ఊరివాళ్ల లారీలు తోలి, భార్య నూర్జహాన్ గాజులు, ఇంటి పక్క జాగా అమ్మి, సొంతానికి ఒక పాత లారీ కొన్నాడు. ముందు భాగానికి ఆకుపచ్చ రంగు తనే వేసుకున్నాడు. ఒంటి మీద ఇంకా రంగు వాసన వస్తుండగానే నా కిటికీ దగ్గరికొచ్చి, "సార్, నా బండి నంబరు గూడా రాసుకోండి" అన్నాడు.

నా దగ్గర ఇల్లు లేదు.

అప్పుడు నేను చెప్పాల్సిన మాట చాలా చిన్నది. "నాకు రాదు. నేను చదివిన పుస్తకం సగమే. నేర్చుకుని చెబుతాను." అంతే. ఆ మాట అనలేదు. కంప్యూటర్ సారును కదా! రెండు రోజులు తంటాలు పడి, మూడో రోజు నాగిరెడ్డి గారితో, "అన్నా, ఈ బండిని మిషను తీసుకోలేదు" అన్నాను.

"తీసుకోలేదంటే?"

"కొన్ని నంబర్లు దానికి పొసగవన్నా."

ఆ అబద్ధం అంత నున్నగా నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. మా ఫ్యాక్టరీలో పాలిష్ పట్టిన రాయి కూడా అంత నున్నగా ఉండేది కాదు. నాగిరెడ్డి గారు వేళ్ల మీద లెక్కేసి, "అంకెలన్నీ కూడితే ఎనిమిదొస్తాది. అదీ సంగతి!" అన్నారు. నేను కాదనలేదు. ఒక కారణం వెతుక్కునే శ్రమ ఆయనే నాకు తప్పించారని లోపల సంతోషించాను కూడా.

అక్కణ్నుంచి మొదలైంది. లారీకి నిమ్మకాయలు కట్టారు. గేటు ముందు గుమ్మడికాయ దిష్టి తీశారు. ఆకుపచ్చ అచ్చిరాలేదేమో అని ఎవరో అంటే ఖాజా దాన్ని గీకేసి పసుపు రంగు వేశాడు. నూర్జహాన్ చంటిబిడ్డను చంకనేసుకుని ప్రతి శుక్రవారం చెప్పుల్లేకుండా గుట్ట మీది దర్గాకు నడిచి వెళ్లొచ్చేది. ఖాజా రోజూ పొద్దున్నే స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కిటికీ దగ్గర నిలబడేవాడు.

"ఈ పొద్దన్నా తీసుకుందా సార్?"

"లేదు ఖాజా."

"పర్వాలేదు సార్. మీరు మటుకు ఏం జేస్తారు."

ఇంకో లారీ చెడిపోయిన రోజు దాని ఇంట్లో ఖాజా నంబరు పెట్టేవాణ్ని. నలభై ఒక్క రోజుల్లో అలా మూడుసార్లే జరిగింది. మిగతా డ్రైవర్లు ఖాజా కనిపిస్తే తమ టైర్లు చూసుకునేవాళ్లు.

సుంకన్న ఒక్కడే నన్ను నమ్మలేదు. "నా బండ మీదైతే ఇరవై ఐదు గాదు, యాభై పడతాయి. మిషను తీసుకోలేదా, నువ్వు ఇయ్యలేదా?" అన్నాడు నా కళ్లలోకి చూస్తూ. నేను కీబోర్డు తుడుచుకుంటూ కూర్చున్నాను.

నలభయ్యో రోజు ఖాజా కిటికీ దగ్గర కొత్త మాట అన్నాడు. "రేపు ఆలూరు నుంచి బేరగాడు వస్తాండాడు సార్. బండి అమ్మేస్తా. మళ్లా ఎవరి బండన్నా తోలుకుంటా." ఆ రోజు నిజం చెప్పాలని గుండె కొట్టుకుంది అని రాస్తే చదవడానికి బాగుంటుంది. కానీ అది అబద్ధం. అమ్మేస్తే నా గొడవ తీరుతుందని అనుకున్నాను. నా జీవితంలో నేను అనుకున్న వాటిల్లో ఇంతకంటే నీచమైనది నాకు గుర్తు లేదు.

దుమ్ము చేసిన మేలు

రాళ్ల ఫ్యాక్టరీలో కంప్యూటర్‌కు పెద్ద శత్రువు తెల్లటి రాతి దుమ్ము. ప్రోగ్రాము దాచుకునే ఫ్లాపీ వారానికొకటి పాడయ్యేది. నేను ప్రోగ్రామంతా మళ్లీ మొదటి నుంచి కొట్టేవాణ్ని. నలభై ఒకటో రోజు పొద్దున అలాగే కొట్టి, చీటీ తీసి గేటుకు అంటించాను. ఐదు నిమిషాల్లో బయట కేకలు. ఒకే లారీ నంబరు చీటీలో మొదటా ఉంది, చివరా ఉంది. ఇంకో లారీ అసలే లేదు.

లోపలికి పరిగెత్తి ప్రోగ్రాము చూశాను. ఎ మీట కింద దుమ్ము చేరి, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడింది. "బి లో ఉన్నదాన్ని ఎ లోకి మార్చు" అనే చోట ఎ పక్కన ఇంకో ఎ పడింది. అలాంటి పేరున్న ఇల్లు నా పుస్తకంలో లేదు. మిషను తప్పు పట్టాలి కదా? పట్టలేదు. కిక్కురుమనకుండా ఎఎ అని ఒక కొత్త ఇల్లు కట్టి, అందులో ఆ లారీని దించేసింది.

నా పుస్తకం రాసిన కాలపు మిషన్లకు ఒక్క అక్షరమే దిక్కు. నా ముందున్న మిషను అప్పటికే చాలా దూరం వచ్చేసింది. జెడ్ తర్వాత కూడా ఎన్నో ఇళ్లు మొదటి రోజు నుంచీ ఖాళీగా పడి ఉన్నాయి. నలభై ఒక్క రోజుల్లో ఒక్కసారైనా రెండక్షరాలు కొట్టి చూద్దామని నాకు తోచలేదు. పాత పుస్తకాలు చదవండి పిల్లలూ, నేను ఇప్పటికీ చదువుతాను. కానీ అందులో కుదరదని ఉన్న ప్రతిదాన్నీ మీ మిషను మీద ఒకసారి కొట్టి చూడండి. మిషను కరవదు.

మధ్యాహ్నానికి ఖాజా నంబరు ఎఎ ఇంట్లో ఉంది. బేరగాణ్ని వెనక్కి పంపారు. ఇక్కడైనా నిజం చెప్పానా? లేదు. "మొత్తానికి మిషను ఒప్పుకుందన్నా" అన్నాను. నాగిరెడ్డి గారు లారీకి కొబ్బరికాయ కొట్టారు. సాయంత్రం ఖాజా ఇంటి నుంచి సేమ్యా పాయసం వచ్చింది. తాగాను. ఇంకో గ్లాసు కూడా తాగాను.

మంగంపేటలో ఒకమ్మాయి

చాలా ఏళ్ల తర్వాత మంగంపేటలో నా కింద ఒకమ్మాయి కొత్తగా చేరింది. రెండో రోజే పెద్దాఫీసరు వచ్చి కాటా ప్రోగ్రాములో ఏదో అడిగాడు. ఆ అమ్మాయి నలుగురి ముందు, "నాకు తెలీదు సార్. రేపు పదకొండింటికి చెప్తా" అంది. నేను పక్కన నిలబడి చెమటలు కక్కాను. ఆఫీసరు "సరేమ్మా" అని టీ తాగి వెళ్లిపోయాడు. మర్నాడు పదకొండింటికి ఆ అమ్మాయి జవాబు చెప్పింది.

అంతే. ఆకాశం విరిగిపడలేదు. ఎవరి లారీకీ రంగు మార్చాల్సిన అవసరం రాలేదు. నేను కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆ ఆరు మాటలు లెక్కపెట్టుకున్నాను. నా కింద పనిచేసిన వాళ్లలో నాకు పాఠం చెప్పింది ఆ అమ్మాయే. ఆ రోజుకు నేను ఆమెకు పై అధికారిని.

వరండాకు రాళ్లు

మొన్నామధ్య మా కర్నూలు ఇంటి వరండాలో పాత బండలు పగిలిపోతే, తీయించేసి, కొత్తవి తెద్దామని బేతంచెర్ల వెళ్లాను. ఖాజాకు ఇప్పుడు సొంతంగా రాళ్ల యార్డు ఉంది. గడ్డం తెల్లబడింది. నన్ను చూడగానే నులక మంచం వాల్చి, హమాలీలను కేకేశాడు. "సార్ ఇంటికి పోయే రాళ్లు. ఒక్కదానికి గూడా గీత ఉండగూడదు."

తర్వాత నా వైపు తిరిగి, కలిసినప్పుడల్లా అనే మాటే అన్నాడు. "ఆ పొద్దు మీరు మిషన్ను ఒప్పించకుంటే ఈ యార్డు యాడిది సార్."

ఇన్నేళ్లూ ఆ మాటకు తల ఊపి ఊరుకున్నాను. ఆ రోజు ఊపలేకపోయాను. సగం పుస్తకం నుంచి దుమ్ము దాకా అంతా చెప్పాను. నాగిరెడ్డి గారు పోయారు, ఆయనకు చెప్పుకునే వీలు ఇక లేదు. సుంకన్నకు చెప్పాల్సిన పని మొదటి నుంచీ లేదు. మిగిలింది ఖాజాయే.

ఖాజా పక్కనున్న రాయి మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిమిరాడు.

"నలభై ఒక్క దినాలు సార్. నా చెయ్యే మంచిది కాదనుకున్నా. బిడ్డనెత్తుకునేదానికి గూడా బయపడినా, నా చెయ్యి తగిలితే ఏమైతాదో అని."



రాయి మీంచి చెయ్యి తీసి అడిగాడు. "ఇంతకూ ఆ పుస్తకంలో కడా మాట ఏముండాది?"

నాకు కంఠతా వచ్చు. అప్పజెప్పాను. "ఒకే రకం వస్తువులు చాలా ఉన్నప్పుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టనక్కర్లేదు. దాని బదులు..."

ఖాజా వింటూనే హమాలీల వైపు చూసి అరిచాడు. "రేయ్, మూడో వరసలో ఏడోది పక్కన పెట్టండ్రా! మూల ఇరిగింది." మళ్లీ నా వైపు తిరిగాడు. "దాని బదులు ఏముంటాది సార్? వరసకొక పేరు, రాయికొక నంబరు. ఒక్కో రాయికి లింగమ్మ, రంగమ్మ అని పేర్లు పెట్టుకుంటా పోతారా ఎవరన్నా?"

తర్వాతి కాలంలో నేను కొన్న పూర్తి పుస్తకాల్లో ఆ అధ్యాయం ముప్పై పేజీలుంటుంది. సారాంశం ఖాజా చెప్పిందే. ఆ నలభై ఒక్క రోజులూ హమాలీలు నా కిటికీ కిందే నిలబడి "రెండో వరస ఐదోది, రెండో వరస ఆరోది" అని అరుస్తూ రాళ్లు ఎత్తుతూనే ఉన్నారు. గోల ఎక్కువగా ఉందని నేను కిటికీ వేసుకునేవాణ్ని.

"నాకు చెప్తే సాలదు సార్" అన్నాడు ఖాజా లేస్తూ. "నడిచింది ఆయమ్మ. ఆయమ్మకు చెప్పండి."

నూర్జహాన్ టీ తెచ్చింది. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆమె గ్లాసు నా చేతికివ్వకుండా పట్టుకునే విన్నది. టీ మీద మీగడ కట్టింది.

"ఆరు శుక్రవారాలు నడిసినా" అంది చివరికి. "ఎండలో. చెప్పుల్లేకుండా. చంకలో బిడ్డ."

"తప్పయిపోయిందమ్మా" అన్నాను.

"ఆ దుమ్ము సరిగ్గా బేరగాడు వచ్చే దినమే, సరిగ్గా ఆ మీట కిందికే ఎట్ల పొయ్యింది సార్? ఎవరు పంపించినారనుకుంటాండారు?"

ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి, అడిగిన వెంటనే, "నాకు తెలీదమ్మా" అన్నాను.

ఆమె మొహం కొంచెం మెత్తబడింది. చల్లారిన టీ నా చేతిలో పెట్టింది. తర్వాత భర్త వైపు తిరిగి తీర్పు చెప్పింది. "సారు రాళ్లు పంపిస్తాం. పంపకుండా యాడికి పోతాం? నలభై ఒక్క దినాలు కానీ. అంతదాకా సీరియల్‌లో కూచోనీ."

ఇవాళ్టికి పన్నెండో రోజు. మా వరండా మట్టి నేలగా ఉంది. గాలి వీస్తే ఇంట్లోకి దుమ్ము వస్తోంది, నా భార్య రోజుకు నాలుగుసార్లు ఊడుస్తూ, ఊడ్చినప్పుడల్లా నా చదువును తలుచుకుంటోంది. ఆమె పోరు పడలేక పొద్దున ఖాజాకు ఫోన్ చేశాను. తలకు నూనె రాసుకుని మరీ చేశాను.

"ఖాజా, ఈ పొద్దన్నా నా రాళ్లు బయలుదేరతాయా?"

"ఇప్పుడే చూసినా సార్" అన్నాడు ఎంతో బాధగా. "మిషను తీసుకోలేదు."

వెనక నుంచి నూర్జహాన్ నవ్వు వినిపించింది. ఫోన్ పెట్టేసి, మట్టి వరండాలో కుర్చీ వేసుకుని, ఇది రాయడం మొదలుపెట్టాను.